బ్యాటరీయే బ్రేకు: ఇంట్లో చేసుకున్న స్కేట్‌బోర్డుకి ఎన్ని సెల్స్ కట్టాలి?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు మాగుంట లేఅవుట్. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నా. ఇంట్లోనే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు చేసుకుంటున్నా. ప్లైవుడ్ డెక్, 90 మిల్లీమీటర్ల చక్రాలు, 190 కేవీ మోటారు ఒకటి, మోటారు పుల్లీకి 15 పళ్ళు, చక్రం పుల్లీకి 36. మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్ వెస్క్ రకం, 12 సిరీస్ దాకా తట్టుకుంటుందని రాశారు. నా బరువు 68 కిలోలు. చేతిలో ఉన్న డబ్బుకి శాంసంగ్ 30క్యూ సెల్స్ 24 వస్తాయి, నాన్నని బతిమాలితే 30. ఇరవై నాలుగైతే 12ఎస్2పీ, ముప్పై అయితే 10ఎస్3పీ. మా పిలకాయలంతా 12ఎస్ కట్టరా, బండి లేచిపోద్ది అంటున్నారు. ఏది కట్టాలి? మైపాడు బీచ్ దాకా వెళ్ళి రావాలని ఆశ.

జవాబు: నాన్నని బతిమాలు తమ్ముడూ. 10ఎస్3పీ కట్టు. జవాబు ఇంతే. కానీ ఎందుకో తెలియకపోతే ఆరు నెలలు తిరక్కుండానే మళ్ళీ ఆ 12 దగ్గరికే వెళతావు కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

తెలియని వాళ్ళ కోసం ఒక్క మాట. ఎస్ అంటే సిరీస్, పీ అంటే ప్యారలల్, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన శ్రేణి, సమాంతర సంధానాలే. 30క్యూ సెల్ ఒక్కోటి సగటున 3.6 వోల్టులు, నిండా ఎక్కితే 4.2, పట్టేది 3,000 మిల్లీ ఆంపియర్ అవర్స్, ఆగకుండా ఇవ్వగలిగింది 15 ఆంప్స్. పది సిరీస్‌లో పెడితే 36 వోల్టులు, నిండినప్పుడు 42. పన్నెండు పెడితే 43.2, నిండినప్పుడు 50.4. ప్యారలల్‌లో పెంచితే వోల్టేజీ మారదు, కానీ మోటారు అడిగిన కరెంటుని సెల్స్ పంచుకుంటాయి. ఒంగోలు వైపు తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూసే ఉంటావు, ఒక జత నురగలు కక్కుతూ లాగే బండకి రెండు జతలు కట్టనిస్తే ఏ ఎద్దూ అంత ఆయాసపడదు. పీ చేసే పని అదే.

ముందు నీ ఫ్రెండ్స్ చెప్పిన స్పీడు సంగతి తేల్చేద్దాం. 190 కేవీ అంటే వోల్టుకి 190 చుట్లు. 36 వోల్టులకి నిమిషానికి 6,840 చుట్లు, పుల్లీల దగ్గర 2.4 వంతు తగ్గి చక్రం తిరిగేది 2,850. నీ చక్రం ఒక్క చుట్టు తిరిగితే 28 సెంటీమీటర్ల పైచిలుకు నడుస్తుంది, లెక్క కడితే గంటకి 48 కిలోమీటర్లు. ఇది గాల్లో చక్రం తిప్పితే వచ్చే లెక్క. మనిషి ఎక్కి నిలబడితే ఐదో వంతు పోయినా 38 దగ్గర ఉంటుంది. అంటే పది సిరీస్‌తోనే నువ్వు 38లో వెళతావు, 90 మిల్లీమీటర్ల గట్టి చక్రాల మీద, మన రోడ్ల మీద, నిలబడి. పన్నెండు కడితే 46 అవుతుంది. ఆ ఎనిమిది కిలోమీటర్లు నీకు దేనికి పనికొస్తాయో నాకైతే తెలియదు, ఒక చిన్న గులకరాయి చక్రం కింద పడితే 25లోనే మనిషి ఎగిరి ముందు పడతాడు.

ఇక దూరం. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. సెల్స్‌ని ఎలా అమర్చినా లోపల ఉన్న శక్తి మారదు, అది ఎన్ని సెల్స్ ఉన్నాయన్న దాని మీదే ఆధారపడుతుంది. ఒక 30క్యూలో 10.8 వాట్ అవర్స్ ఉంటుంది. ఇరవై నాలుగైతే 259, ముప్పై అయితే 324, నలభై అయితే 432. నువ్వు, బోర్డు కలిపి 76 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద 25లో వెళితే కిలోమీటరుకి 12 నుంచి 15 వాట్ అవర్స్ తింటుంది. పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి 324లో 280 వాడుకుంటావనుకో, 19 నుంచి 23 కిలోమీటర్లు. మైపాడు నెల్లూరు నుంచి 20 కిలోమీటర్ల పైనే. వెళ్ళగలవేమో, వచ్చేటప్పుడు మాత్రం బోర్డు చంకన పెట్టుకుని ఆటో ఎక్కాలి. ఇరవై నాలుగు సెల్స్‌తో అయితే వెళ్ళేటప్పుడే మధ్యలో ఆటో.

అసలు సంగతి ఆంప్స్. నెల్లూరంతా చదునే, ఎక్కడైనా ఎత్తు ఉందంటే అది ఫ్లైఓవరే. చదును మీద 25లో వెళ్ళడానికి 300 వాట్లు చాలు, అది రెండు పీ కూడా నవ్వుతూ ఇస్తుంది. కానీ సిగ్నల్ దగ్గర ఒక్కసారిగా లాగినప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మోటారు 1,500 వాట్ల దాకా అడుగుతుంది. 12ఎస్2పీలో అది సుమారు 35 ఆంప్స్, రెండు సెల్స్ పంచుకుంటే ఒక్కో దానికి పదిహేడున్నర, అంటే కంపెనీ చెప్పిన 15 దాటేశావు. 10ఎస్3పీలో 42 ఆంప్స్, మూడు పంచుకుంటే 14. గీత లోపలే, కానీ గీతకి ఆనుకునే. 10ఎస్4పీ అయితే పదిన్నర, హాయిగా ఉంటుంది. సెల్ లోపల నిరోధం 25 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే, పదిహేడున్నర దగ్గర ఒక్కో సెల్ ఏడున్నర వాట్ల పైన వేడి పుట్టిస్తుంది, పదిన్నర దగ్గర మూడు కూడా రాదు. కరెంటు రెట్టింపు కాకముందే వేడి దాదాపు మూడు రెట్లయింది చూడు, వర్గం లెక్క కదా. ఆ వేడి పోయేదెక్కడికి? డెక్ కింద మూసిపెట్టిన డబ్బాలో ఉండిపోతుంది, కింద మే నెల తారు రోడ్డు.

అందుకే ఎవరు అడిగినా ముందు పీ చూసుకోమంటాను, ఎస్ తర్వాత. పన్నెండు సిరీస్ చెడ్డదని కాదు. అదే పవర్‌కి తక్కువ కరెంటు చాలు కాబట్టి వైర్లు, కంట్రోలర్ చల్లగా ఉంటాయి. 36 సెల్స్ కొనగలిగి, గాలి టైర్లు వేసుకునే వాడైతే 12ఎస్3పీ కట్టుకోమనే చెబుతాను. రెండు పీ మీద పన్నెండు మాత్రం వద్దు.

ఇప్పుడు ఎవరూ అడగనిది. నీ బోర్డుకి బ్రేకు ఎక్కడుంది? మోటార్‌సైకిల్‌కి ఉన్నట్టు డ్రమ్ము, డిస్కు ఏమీ లేవు. నువ్వు రిమోట్ మీద వేలు వెనక్కి లాగితే మోటారు జనరేటర్ అయ్యి, నీ వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీలోకి తోస్తుంది. బ్యాటరీ ఆ కరెంటు తీసుకుంటేనే నువ్వు ఆగుతావు. అంటే నీ బ్రేకు బ్యాటరీయే.

30క్యూని ఛార్జ్ చేసేటప్పుడు సెల్‌కి 4 ఆంప్స్ దాటకూడదంటారు. బ్రేకు వేసిన కొద్ది సెకన్లు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది కానీ లెక్కకి 4 దగ్గరే ఆగుదాం. 30 సెల్స్, ఒక్కోటి 4 వోల్టుల దగ్గర 4 ఆంప్స్ అంటే 480 వాట్లు. నీ 76 కిలోలు 25 వేగంతో వస్తుంటే అందులో ఉన్న శక్తి సుమారు 1,830 జౌళ్ళు. 480 వాట్ల చొప్పున మింగడానికి నాలుగు సెకన్లకి కాస్త తక్కువ, ఆ లోపు నువ్వు 17, 18 మీటర్లు వెళ్ళిపోతావు. ఇరవై నాలుగు సెల్స్‌తో అదే 22 మీటర్లు. లేఅవుట్‌లో బర్రె అడ్డం వస్తే ఆ నాలుగు మీటర్ల తేడాయే తేడా. గాలి, రాపిడి, మోటారులో పోయే వేడి కలిస్తే ఇంకొంచెం ముందే ఆగుతావులే, కానీ పోల్చి చూడ్డానికి ఈ లెక్క చాలు.

దీంట్లోనే ఇంకో గొయ్యి ఉంది, అందులో నేనే పడ్డాను. ఒంగోలులో, బ్యాటరీ నిండా 42 వోల్టులు ఎక్కించి, ఇంట్లోంచి బయటికొచ్చిన రెండు నిమిషాలకే ఫ్లైఓవర్ దిగుతున్నా. బ్రేకు వేశా. నిండిన కుండలో ఇంకా పోస్తే ఏమవుతుంది? ప్యారలల్‌లో కట్టిన సెల్స్ గ్రూపుల్లో ఏదో ఒకదాని వోల్టేజీ హద్దు దాటింది, సెల్స్‌ని కాపలా కాసే బోర్డు బీఎంఎస్ తన పని తాను చేసి బ్యాటరీని కత్తిరించేసింది. దాంతో బ్రేకు లేదు. చేతికి గ్లోవ్స్ ఉన్నాయి కాబట్టి అరచేతులు మిగిలాయి, మోచేయి చర్మం ఆ రోడ్డుకి ఇచ్చి వచ్చాను. తర్వాత చూసుకుంటే కంట్రోలర్ కూడా పోయింది, బ్యాటరీ ఊడిన క్షణంలో మోటారు తోసిన కరెంటుకి దారి లేక వోల్టేజీ ఎగిరింది.

కాబట్టి బీఎంఎస్‌ని ఛార్జింగ్ వైపు మాత్రమే పెట్టు. మోటారుకి వెళ్ళే పెద్ద వైర్లు బీఎంఎస్ గుండా కాకుండా నేరుగా కంట్రోలర్‌కి వెళ్ళాలి. చాలామంది ఇలాగే కడతారు. అప్పుడు బ్యాటరీని అడుగంటా పిండకుండా చూడాల్సింది కంట్రోలర్. వెస్క్‌లో కటాఫ్ మొదలు 33 వోల్టులు, ముగింపు 30 అని పెట్టుకో, పవర్ మెల్లిగా తగ్గుతూ వస్తుంది, టక్కున ఆగదు. బ్యాటరీ కరెంటు 35 ఆంప్స్, రీజెన్, అంటే బ్రేకు వేసినప్పుడు బ్యాటరీలోకి వెళ్ళే కరెంటు, 10 ఆంప్స్ దగ్గర పెట్టు. బీఎంఎస్ దారిలో లేదు కాబట్టి షార్ట్ అయితే ఆపేవాడు లేడు, ప్లస్ వైరు మీద బ్యాటరీకి దగ్గరగా ఒక ఫ్యూజు తప్పదు. నిండా ఛార్జ్ చేసి ఎత్తు మీంచి బయలుదేరే పని పెట్టుకోకు. 41 వోల్టుల దగ్గర ఆపేస్తే పోయేది ఒకటి రెండు కిలోమీటర్లు, బ్యాటరీ ఆయుష్షు కూడా పెరుగుతుంది. వారానికోసారి మల్టీమీటర్ తీసి పది గ్రూపుల వోల్టేజీ చూడు. ఒకటి మిగతా వాటికంటే ప్రతిసారీ వెనకపడుతుంటే ఆ గ్రూపులో ఏదో ఉంది, బోర్డు ఎక్కొద్దు.

కట్టేటప్పుడు జాగ్రత్తలు నువ్వు చదివే ఉంటావు, నేను తప్పులు ఎక్కువ చూసిన చోట్లే చెబుతా. సెల్స్‌కి సోల్డరింగ్ ఐరన్ పెట్టొద్దు, స్పాట్ వెల్డింగ్ చేయించు. స్ట్రిప్ అసలు నికెలా, నికెల్ పూసిన ఇనుమా అన్నది ముందు తేల్చుకో. ఒక ముక్కని గీకి ఉప్పునీళ్ళలో రెండు రోజులు వేస్తే ఇనుము తుప్పు చూపిస్తుంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 0.15 మందం స్ట్రిప్ ఒకటి ఐదారు ఆంప్స్‌కి మించి మోయదు, నీకు సిరీస్ కలిపే చోట 35 వస్తుంది, కాబట్టి ఆ ఒక్క స్ట్రిప్‌ని నమ్ముకోకు. నీ 30క్యూ లాంటి 18650 సైజు సెల్ డబ్బా మొత్తం మైనస్, పైన బొడిపె మాత్రం ప్లస్, రెండిటి మధ్య ఉన్నది పల్చటి రబ్బరు, దాని మీద ప్లాస్టిక్ తొడుగు. రోడ్డు అదురుకి ఆ తొడుగు చిరిగిందంటే షార్టే. ప్రతి ప్లస్ మీద ఫిష్ పేపర్ (కరెంటు పారనివ్వని గట్టి కాగితం) రింగు అంటించు, గ్రూపుకీ గ్రూపుకీ మధ్య కూడా ఫిష్ పేపర్ పెట్టు. ప్లైవుడ్ డెక్ వంగుతుంది, దాంతో పాటు బ్యాటరీ వంగకూడదు. గ్రూపుల మధ్య బిర్రుగా స్ట్రిప్ లాగకుండా సిలికాన్ వైరు కొంచెం వదులుగా పెట్టి కలిపితే వెల్డింగులు ఊడవు. సెల్స్ పడుకోబెట్టి మూడేసి చొప్పున ఐదు గ్రూపులు ఒక వరస, పక్కన ఇంకో ఐదు. సుమారు 28 సెంటీమీటర్ల పొడవు, 13, 14 వెడల్పు, ఎత్తు రెండు సెంటీమీటర్ల పైన. డబ్బా మాత్రం 38 సెంటీమీటర్లకి చేయించుకో. రేపు ఉద్యోగం వచ్చాక నాలుగో పీకి చోటు ఉంటుంది. అప్పుడైనా పాత సెల్స్ పక్కన కొత్తవి అతికించడం కాదు, నలభై కొత్తవి కొని కట్టడం.

మైపాడు తీరం దాకా వెళ్ళినా బోర్డుని ఇసుకలో దించకు. ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి. ఇంకోటి, మోటారు వాహనాల నిబంధనల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదని వదిలేసింది 250 వాట్ల లోపు, 25 కిలోమీటర్ల వేగం లోపు ఉండి, ఆమోదం పొందిన బ్యాటరీ బళ్ళనే. నువ్వు చేసింది ఆ లెక్కలోకి రాదు. హైవే మీదకి, బైపాస్ మీదకి తేవద్దు. లేఅవుట్ లోపల, తెల్లవారుజామున, హెల్మెట్ పెట్టుకుని తిరుగు.

ప్రశ్న: మాది ఒంగోలు, లాయర్‌పేట. మా అబ్బాయి ఇలాంటి బోర్డే చేసుకుని, రాత్రి పూట హాల్లో తలుపు పక్కన షూ స్టాండ్ కింద ఛార్జింగ్ పెట్టి పడుకుంటున్నాడు. స్కూటర్ బ్యాటరీలు తగలబడటం టీవీలో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మానిపించమంటారా?

జవాబు: బోర్డు మానిపించొద్దమ్మా, ఆ చోటు, ఆ టైము మానిపించండి. తలుపు పక్కన అంటుకుంటే ఇంట్లో వాళ్ళు బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. చుట్టూ చెప్పులు, రబ్బరు, అట్టపెట్టెలు వేరే. వరండాలో నీడ పట్టున ఒట్టి గచ్చు మీద, కిటికీ తెరలకి దూరంగా పెట్టమనండి, మీరందరూ మెలకువగా ఉన్న సమయంలో. మూడు, నాలుగు గంటల పని, సాయంత్రం పెడితే భోజనాలయ్యేసరికి అయిపోతుంది.

ఈ రకం సెల్స్‌ని 45 డిగ్రీల పైన ఛార్జ్ చేయకూడదని కంపెనీల వాళ్ళే రాస్తారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం, ఆ మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చిన బోర్డు డబ్బా లోపల అంతకంటే వేడిగా ఉండొచ్చు. వచ్చిన వెంటనే ప్లగ్ పెట్టకుండా కనీసం అరగంట, గంట ఫ్యాన్ కింద వదిలేయమనండి. చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండాలి.

ఛార్జర్ వెనక ఎన్ని వోల్టులో మీరే ఒకసారి చదవండి. పది సిరీస్ బ్యాటరీకి 42 ఉండాలి. కొన్ని స్కూటర్ల ఛార్జర్లు 54.6 వోల్టులవి, పిన్ను సరిపోయింది కదా అని అది పెట్టారా, ఇక బీఎంఎస్ దయ. ఊరెళ్ళేటప్పుడు నిండా ఎక్కించి వదలకుండా 37, 38 వోల్టుల దగ్గర ఉంచమనండి.

డబ్బా ఉబ్బినా, గోళ్ళరంగు తుడిచే ద్రవం లాంటి తియ్యటి వాసన వచ్చినా, ఛార్జింగ్ లేకపోయినా వేడిగా ఉన్నా ముందు స్విచ్ ఆపేసి, ఇంకా పొగ రాకపోతేనే దాన్ని ఆరుబయట ఖాళీ స్థలంలో పెట్టించండి. పొగ మొదలైతే దాన్ని ముట్టుకోవద్దు, ఆ పొగ పీల్చొద్దు, అందర్నీ బయటికి తెచ్చి 101కి ఫోన్ చేయండి. ప్లగ్ తీసేశాక దూరం నుంచి నీళ్ళు పోయొచ్చు, అదీ కొంచెం కాదు, పైపుతో ఆగకుండా. లోపలి సెల్స్ ఒకదాని వేడికి ఇంకోటి అంటుకుంటాయి కాబట్టి మంట ఆరినట్టు కనిపించినా మళ్ళీ లేస్తుంది.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో ఎలక్ట్రీషియన్‌ని. పాత లాప్‌టాప్ బ్యాటరీలు విప్పి 60 సెల్స్ పోగేశాను, అన్నీ 2,200 అని రాసి ఉన్నాయి. 10ఎస్6పీ కడితే ఆరు పీ కదా, మీరు ఎప్పుడూ పీ ఎక్కువ ఉండాలంటారు. స్కేట్‌బోర్డుకి పనికొస్తాయా?

జవాబు: నా మాట నాకే తిప్పికొట్టారు, బాగుంది. అయినా వద్దు. ఆరుగురూ ఒకే వయసు వాళ్ళైతే సాయం. మీ దగ్గరున్నది ఒక పదహారేళ్ళ కుర్రాడు, ఇద్దరు నడి వయసు వాళ్ళు, ముగ్గురు ముసలివాళ్ళు. లాప్‌టాప్ సెల్స్ కొత్తగా ఉన్నప్పుడే నాలుగైదు ఆంప్స్ కోసం చేసినవి, ఏళ్ళు గడిచాక లోపల నిరోధం పెరిగి ఒక్కోటి ఒక్కోలా తయారవుతుంది. లాగినప్పుడు ముసలి గ్రూపు ముందు పడిపోతుంది, బ్రేకు వేసినప్పుడు అదే గ్రూపు ముందు హద్దు దాటుతుంది. పైన చెప్పిన నా మోచేయి గుర్తు తెచ్చుకోండి. ఒక్కోదాన్ని ఛార్జ్ చేసి, వారం ఆగి వోల్టేజీ నిలిచిన వాటిని ఏరి, కరెంటు పోయినప్పుడు వెలిగే ఎల్‌ఈడీ లైటుకో, చిన్న ఫ్యానుకో కట్టుకోండి, అక్కడ బంగారంలా పనిచేస్తాయి.

కొత్తవి కొనేటప్పుడు 18650 సైజులో 9,900 అని రాసి ఉన్నవి కనిపిస్తాయి, చేత్తో కూడా ముట్టుకోకండి. ఆ సైజులో మంచి కంపెనీల సెల్స్ మామూలుగా 3,500 దగ్గర ఆగిపోతాయి. అసలైన 30క్యూ 45 నుంచి 48 గ్రాములు తూగుతుంది. తెలిసిన బంగారం కొట్టులో కాటా మీద పెట్టి చూడండి, ముప్పై దగ్గర ఆగిందంటే లోపల ఏముందో ఆ దేవుడికే ఎరుక.

ప్రశ్న: మాది కావలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే అంటుకోదంటున్నారు. 10ఎస్ బదులు అవి పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. అసలు అంటుకోదని కాదు, అంత తేలిగ్గా అంటుకోదు. ఒక్కో సెల్ 3.2 వోల్టులే కాబట్టి పది కాదు, పన్నెండు సిరీస్ కడితే 38.4 వస్తుంది. అదే దూరానికి బరువు, జాగా రెండూ పెరుగుతాయి, డెక్ కింద పడతాయో లేదో ముందు అట్టముక్క కోసి కొలుచుకోండి. కొనేముందు ఆ సెల్ ఆగకుండా ఎన్ని ఆంప్స్ ఇస్తుందో అడగండి, సోలార్ కోసం చేసినవి స్కేట్‌బోర్డు లాగుడుకి తట్టుకోవు. బీఎంఎస్ కూడా ఆ రకానిదే ఉండాలి. నిండినప్పుడు సెల్‌కి 3.65 కాబట్టి ఛార్జర్ 43.8 వోల్టులది విడిగా కొనాలి. పాత 42 వోల్టుల ఛార్జర్ ఇంట్లో ఉంటే దాని మీద మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు ఈ 43.8 తీసుకెళ్ళి ఆ పాత బ్యాటరీకి గుచ్చుతారు.